వేషం కట్టినవాడూ, గమ్మునున్నవాడూ

అయ్యవారు: మీ మానసిక విభాగం ఓపీ చీటీ పట్టుకొని వరండాలో బెంచీ మీద కూర్చున్న పిలకాయను ఊరివాడు ఒక్కడు చూస్తే చాలు, పొద్దుగూకేలోపల ఊరంతా తెలిసిపోతుంది. అదే పిలకాయ మే నెలలో గంగమ్మ జాతరకు ఒంటినిండా బొగ్గుపొడి పూసుకొని, వేపమండలు పట్టుకొని, తిరుపతి వీధుల్లో నోటికొచ్చినట్ల తిట్టుకుంటా పోతే ఎదురొచ్చినోళ్లు దండం పెడతారు. ఇంతకంటే ఏం చెప్పాలమ్మా నేను? మనసులో బరువు దించుకోవటానికి మనోళ్లు ఎప్పుడో దారి వేసిపెట్టినారు. మీరు దాన్ని పక్కన పెట్టి కొత్త దారికి టెండర్లు పిలుస్తా ఉండారు.

డాక్టరమ్మ: దండం వేషానికి, అయ్యవారూ. పిలకాయకు కాదు. బొగ్గు కడుక్కొని ఇంటికి పోయాక ఫిజిక్స్ సప్లిమెంటరీ వాడికే ఉంటుంది, గంగమ్మకు ఉండదు. జాతర వచ్చేదీ ఆ పరీక్షల రోజుల్లోనే. అసలు ఆ వారం వీధిలోకి రాగలిగినవాడి గురించి నాకు పెద్ద దిగులు లేదు. హాస్టల్లో గోడ వైపు తిరిగి పడుకున్నవాడి గురించే నా దిగులంతా.

అయ్యవారు: వాడి దగ్గరికీ వద్దాం. ముందు జాతర సంగతి కానీయండి. 2024లో ‘పుష్ప-2’ వచ్చినాక మాతంగి వేషం దేశమంతా ఎరుక. దానికి ముందు నాలుగు వేషాలు ఏం పని చేస్తాయో సినిమాలో చూపించలా. తాతయ్యగుంట గంగమ్మకు అవిలాల నుంచి వచ్చినోళ్లు చాటింపు వేసినాక వరసగా బైరాగి, బండ, తోటి, దొర, ఆ తర్వాత మాతంగి, సున్నపు కుండలు. బైరాగికి తెల్ల నామం, బండకు కుంకుమ, తోటికి బొగ్గు, దొరకు గంధం. కథ మీకు తెలిసిందే. ఆడపిల్లలను చెరిచే పాలెగాడు గంగమ్మకు భయపడి ఎక్కడో దాక్కుంటాడు. బయటికి రారా అంటే వస్తాడా? అందుకని ఆ తల్లి రోజుకొక వేషం కట్టి, సందుసందూ తిరిగి, తిట్టి, రెచ్చగొట్టి, ఆఖరికి దొర వేషంలో పోయినప్పుడు వాణ్ణి పట్టుకుంటుంది. మీరు ఓపీలో ‘నీ బాధ ఏందో చెప్పు నాయనా’ అని అడుగుతారు. లోపల దాక్కున్నది అట్ల పిలిస్తే బయటికొచ్చే రకమైతే, వాడు మీదాకా ఎందుకొస్తాడు?

డాక్టరమ్మ: కక్కేస్తే తేలికవుతుందనే మాట వినటానికి బాగానే ఉంటుంది. బ్రాడ్ బుష్‌మన్ అనే అమెరికా పరిశోధకుడు కాలేజీ పిల్లలకు కావాలనే కోపం తెప్పించి, కొందరి చేత బాక్సింగ్ సంచిని గుద్దించాడు. 2002లో అచ్చయింది ఆ పని. కోపం తెప్పించినవాణ్ణి తలచుకుంటూ గుద్దినవాళ్లకు కోపం ఇంకా ఎక్కువైంది. ఏమీ చేయకుండా కూర్చున్నవాళ్లే నయం. మీ బండ వేషం పిలకాయలు తిట్టి తిట్టి ఇంటికొచ్చాక ఆ రాత్రి ఎట్లా ఉంటారో ఎవరన్నా కనుక్కున్నారా?

అయ్యవారు: ఆ పిల్లోడు తన కోపాన్ని తానే తలచుకుంటా గుద్దినాడు. మావాడు గుంపులో, నడివీధిలో, తనది కాని నోటితో తిడతాడు. బండ, తోటి వేషాల ఆ రెండు దినాలూ తిట్టు పడినోళ్లు కోపం తెచ్చుకోకూడదని కట్టుబాటు. మర్నాడు ఎవరూ నిలదీయరు. నాయన, వార్డెను, లెక్చరరు, మేనమామ, సంవత్సరమంతా వాణ్ణి తిట్టేవాళ్లే. ఆ రెండు దినాలు వాడు తిడతాడు, ఊరు వింటుంది.

ఇంకొకటి కూడా ఉంది. చానామంది సరదాకని మొదలుపెట్టరు. పసిబిడ్డప్పుడు జబ్బు చేసి ఉంటుంది. బిడ్డ బతికితే నీ జాతరలో వేషం కట్టిస్తానని తల్లి మొక్కుకొని ఉంటుంది. అంటే ఆ పిల్లోడి మొహానికి రంగు పూసినప్పుడల్లా, నువ్వు బతకాలని మేము అడుక్కున్నామురా అని ఊరి ముందర చెప్పినట్టు. పద్దెనిమిదేండ్ల వాడికి ఈ మాట నమ్మకం కలిగేటట్ల మీరు ఏ గదిలో కూర్చోబెట్టి చెప్పగలరు?

డాక్టరమ్మ: ఆ ఒక్క మాట దగ్గర నేను మీకు ఎదురు చెప్పను. నా దగ్గరికి వచ్చే పిల్లల్లో సగంమంది నోట వచ్చేది దానికి సరిగ్గా ఉల్టా. ‘నేను లేకపోతే వీళ్లకు ఖర్చు తగ్గుతుంది మేడమ్’ అంటారు. హాస్టల్ ఫీజు అంకె చెప్పి మరీ అంటారు.

కానీ ఆ వీధి ఎవరిదో కూడా చెప్పండి. జాయిస్ ఫ్లూకిగర్ అనే అమెరికన్ ప్రొఫెసర్ ఏళ్ల తరబడి తిరుపతికి వచ్చిపోతూ ఈ జాతర మీద పుస్తకం రాసింది, 2013లో వచ్చింది. మగవాళ్లు చీర కట్టి ఆడవేషం వేస్తారు, ఆడవాళ్లకు వేషంతో పని లేదు, ఆ శక్తి వాళ్లలో ముందే ఉంది అని చెబుతుంది. బాగుంది. ఆ శక్తి ఉన్న అమ్మాయి పద్మావతి యూనివర్సిటీ హాస్టల్లోనో కోచింగ్ హాస్టల్లోనో ఉంటుంది. చీకటి పడితే గేటు మూస్తారు. తిట్టే నోరు అబ్బాయికి ఇచ్చారు, అమ్మాయికి పసుపు రాసుకొని పొంగలి పెట్టుకొమ్మన్నారు. ఒత్తిడి మటుకు ఇద్దరికీ ఒకటే ర్యాంకు లిస్టు.

అయ్యవారు: కోలాటం ఉంది గదమ్మా. తిరుమల బ్రహ్మోత్సవాల్లో వాహనం ముందర మాడవీధుల్లో ఆడేది ఎవరు? ఆడోళ్లే.

డాక్టరమ్మ: పెళ్లయి, పిల్లలు పెద్దవాళ్లయి, రవంత ఊపిరి పీల్చుకున్న ఆడవాళ్లు. వాళ్లకు అది మేలు చేస్తోంది, నేను కళ్లారా చూశాను. ఇంటర్ అమ్మాయి అందులో ఎక్కడ? ఇంకో సంగతి. తోటి వేషం అన్నారు. తోటి పని ఊళ్లో ఎవరు చేసేవాళ్లు? ఆ కులం పిల్లవాడు బొగ్గు పూసుకున్నవాణ్ణి చూసి ఏమనుకుంటాడు? మిగతావాళ్లకు అది ఒకరోజు విడుపు. వాడు ఏడాది పొడుగునా కడుక్కోవాలని చూసేది అదే.

అయ్యవారు: ...అది నిజమే. ఊళ్లో కళ అంటే అందరికీ అన్నీ కాదు. డప్పు ఒకరిది, హరికథ ఒకరిది. చదువుకొని లెక్చరరు కావాలనుకునే పిల్లోణ్ణి పిలిచి, మీ తాత డప్పు బాగా కొట్టేవాడు, నువ్వూ వచ్చి కొట్టురా అంటే వాడికి మనసు తేలికపడదు. మండుతుంది. ఆ సంగతి తెలిసే నేను చెక్కభజనకు మారినా. చెక్కలు ఎవరి చేతికైనా ఒకటే బరువు.

డాక్టరమ్మ: చెక్కభజన కూడా దేవుడి పాటే కదా. మసీదు వీధి పిల్లవాడు, చర్చికి పోయే పిల్ల?

అయ్యవారు: వస్తా ఉండారు. రానోళ్లూ ఉండారు. అన్నిటికీ నా దగ్గర జవాబు ఉందని నేను యాడ చెప్పినా?

భారతం గురించి చెప్తా, వినండి. మన ఉమ్మడి చిత్తూరు జిల్లాలో వేసవికి ఎన్ని ఊళ్లలో ద్రౌపదీ ధర్మరాజుల గుడి ముందర భారతం జరుగుతుందో మీకు తెలుసు. పుత్తూరుది పేరుమోసింది. పద్దెనిమిది దినాలు మధ్యాహ్నం హరికథ, రాత్రి తెల్లవార్లూ వీధినాటకం. అందులో అర్జునుడి తపస్సు చూసినారు గదా. నున్నగా చెక్కి నాటిన తపసు మాను. వేషగాడు పద్యం పాడుకుంటా మెట్టు మెట్టుకూ ఆగి ఎక్కుతాడు. కింద బిడ్డల్లేని ఆడోళ్లు తడిగుడ్డలతో వరపడి ఉంటారు. కొసకు పోయి పండ్లు, విబూది విసిరిందాకా ఎవ్వరూ ఇంటికి పోరు. వాడు దిగిందాకా కూడా పోరు. ఒక మనిషి అంత ఎత్తున ఒంటరిగా ఉంటే వేలమంది తలెత్తి చూస్తా నిలబడతారు. హాస్టల్ బిల్డింగులో మూడో అంతస్తు వరండాలో ఒక పిల్లోడు ఒక్కడే నిలబడుకొని ఉంటే ఎంతమంది చూస్తా ఉండారు?

డాక్టరమ్మ: అర్జునుణ్ణి చూస్తారు, ఎందుకంటే ఎక్కటం ముందే తెలుసు. డేటు కరపత్రంలో వేసి ఉంటుంది. నా పిల్లవాడు కరపత్రం వేయడు.

మీరు ఒక్కటి గట్టిగా పట్టుకోవాలి. డిప్రెషన్ అంటే ఏడుపు కాదు. మేం మొదట అడిగే ప్రశ్నల్లో ఒకటి, ఇంతకు ముందు ఇష్టంగా చేసిన పనులు ఇప్పుడు చేయబుద్ధి అవుతోందా అని. బొమ్మలు గీసే పిల్ల గీయటం మానేస్తుంది. పాడే పిల్లవాడు ఇయర్‌ఫోన్లు కూడా పెట్టుకోడు. అంటే మీ కళ ఎవరికి అన్నిటికంటే ఎక్కువ కావాలో, వాళ్ల చేతనే ఆ జబ్బు ముందుగా దాన్ని వదిలిస్తుంది. మీ గుంపులోకి వచ్చి చెక్కలు పట్టినవాడు అప్పటికే సగం బయటపడ్డవాడు. వాణ్ణి చూపించి భజన పనిచేసింది అంటారు. రానివాడు మీ లెక్కలోకే రాడు. నిమ్హాన్స్ వాళ్లు 2015-16లో జాతీయ సర్వే చేస్తే పదమూడు నుంచి పదిహేడేళ్ల పిల్లల్లో నూటికి ఏడుగురికి పైగా ఏదో ఒక మానసిక రుగ్మత ఉందని తేలింది. అరవైమంది సెక్షన్ అయితే నలుగురు. ఆ నలుగురూ మీ తాళం వినపడగానే లేచి వచ్చేవాళ్లు కారు.

అయ్యవారు: గీయటం మానేసింది అంటిరే. ఎవరికి తెలిసింది మానేసిందని?

డాక్టరమ్మ: అంటే?

అయ్యవారు: మానేసిందని తెలియాలంటే అంతకు ముందు గీస్తా ఉండేదని ఎవరికో ఒకరికి తెలిసి ఉండాల. ఇప్పుడు మన కాలేజీల్లో గీసే తావు యాడుంది? పొద్దున అయిదున్నరకు స్టడీ అవరు, రాత్రి పదిన్నరకు స్టడీ అవరు, ఆదివారం వీకెండ్ టెస్టు, నెలకొకసారి ఔటింగు. ఆ పిల్ల ఏం మానేస్తే మీకు తెలుస్తుంది? మార్కులు తగ్గితే తెలుస్తుంది. అప్పటికి ఎంత ఆలస్యమై ఉంటుందో మీరే చెప్పాల. మా భజనలో పదహారుమంది. రెండు వరసలు, ఎదురెదురు. ఒకడు రాకపోతే ఎదుటివాడి చెక్కకు జవాబు ఉండదు. రెండోరోజు రాకపోతే ఎవడో ఒకడు వాళ్లింటికి పోతాడు. నేను పంపక్కర్లా. ఆటే పంపుతుంది. మీ గోడవైపు తిరిగి పడుకున్న పిల్లోడికి లోటు అదే. వాడు లేకపోతే ఆగిపోయే పని ఆ కాలేజీలో ఒక్కటీ లేదు.

డాక్టరమ్మ: దీనికి నేను కాదనను. ఇంకా చెప్పాలంటే ఇది మీ దగ్గరి నుంచి మేము తీసుకోవాల్సిన మాట. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ యూరప్ కార్యాలయం కళలకూ ఆరోగ్యానికీ సంబంధం మీద ఒక నివేదిక ఇచ్చింది. మూడు వేలకు పైగా అధ్యయనాలు అందులో పరిశీలనకు వచ్చాయి. మేలు ఉందనే చెప్పింది. వాటిలో గట్టివీ ఉన్నాయి, బలహీనమైనవీ ఉన్నాయి అని కూడా చెప్పింది. ఫిలడెల్ఫియాలో మానసిక ఆరోగ్య శాఖా, గోడలకు బొమ్మలేసే ఒక పెద్ద సంస్థా కలిసి పేటల్లో జనం చేతనే గోడలకు రంగులు వేయించారు. యేల్ యూనివర్సిటీ వాళ్లు వెనకే ఉండి కొలిచారు. ఆ చుట్టుపక్కలవాళ్లలో పొరుగువాళ్ల మీద నమ్మకం పెరిగింది, మానసిక జబ్బంటే ఉండే చీదరింపు తగ్గింది. అంటే గోడ బొమ్మ డిప్రెషన్‌ను తగ్గించిందని కాదు. మీరన్నారే, ఓపీ బెంచీ మీద చూస్తే ఊరంతా తెలిసిపోతుందని. ఆ ఊరిని రవంత మార్చింది. అక్కడికి నాకు చాలు.

మరి నా భయం ఏంటంటారా? 2025 జూలైలో సుప్రీంకోర్టు, విశాఖపట్నంలో నీట్ కోచింగ్‌కు వచ్చిన ఒక అమ్మాయి మరణం కేసులో దేశమంతటికీ మార్గదర్శకాలు ఇచ్చింది. వందమంది, అంతకంటే ఎక్కువ విద్యార్థులున్న చోట అర్హత ఉన్న కౌన్సెలర్ కనీసం ఒకరు ఉండాలి అంది. ఇప్పుడు యాజమాన్యం లెక్క వేసుకుంటుంది. కౌన్సెలర్‌కు నెల జీతం ఇవ్వాలి. భజన అయ్యవారికి శాలువా, మెమెంటో చాలు. ఇన్‌స్పెక్షన్‌కు వచ్చినవాళ్లకు మీ ఫొటో ఆల్బం చూపిస్తారు. మీరు మంచి మనసుతో చేసే పని వాళ్లకు ఒక పోస్టు మిగిల్చే దారి అవుతుంది.

అయ్యవారు: నన్ను అడ్డం పెట్టుకొని జీతం మిగిలించుకుంటే ఆ పాపం నాది ఎట్లవుతుందమ్మా?

డాక్టరమ్మ: పాపం మీదనలేదు. ఫొటోలో మీరు ఉంటారు అంటున్నా.

అయ్యవారు: సరే. నా భయం కూడా చెప్తా, మీకు ఆశ్చర్యం కావచ్చు. కాలేజీవాళ్లు పిలిస్తే నాకు పోబుద్ధి కాదు. పోతే ఏం చేస్తారు? దానికొక పీరియడ్ పెడతారు. పీరియడ్ పెడితే అటెండెన్సు. అటెండెన్సు పెడితే తండ్రికి మెసేజి. ఆ తర్వాత సెక్షన్ల మధ్య పోటీ, జిల్లా పోటీ, సర్టిఫికెట్టు. అక్టోబర్ 10న మానసిక ఆరోగ్య దినం అని పోస్టర్ల పోటీ పెడతారు చూడండి. నన్ను జడ్జిగా పిలిచినారు ఒకసారి. అన్నీ ఒకే బొమ్మ. నల్ల రంగు, పుస్తకాల గుట్ట, తల పట్టుకొని కూర్చున్న పిల్లోడు, పైన ఒక బల్బు. ఒత్తిడి వద్దు అని గీసినదానికి ఫస్టు, సెకండు, థర్డు ఇమ్మన్నారు. నాలుగోది గీసిన పిల్ల మొహం చూడాల మీరు.

డాక్టరమ్మ: చూశాను లెండి అలాంటి మొహాలు. కానీ ఆ పోస్టర్ల అడుగున 14416 అని ఉంటుంది. టెలీ మానస్, 2022 అక్టోబర్ 10న మొదలైంది, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు, రాత్రి రెండుకు చేసినా ఎత్తుతారు. ఆ నంబరు గోడ మీద చదివిన పిల్ల మర్చిపోతుంది. రంగుపెన్నుతో అంకె అంకె దిద్దిన పిల్లకు గుర్తుంటుంది. బొమ్మ ఎంత చప్పగా ఉన్నా సరే. నాకు మీ కళకంటే ఆ చప్పబొమ్మ మీద ఎక్కువ ఆశ అని చెబితే కోపగించుకోకండి.

అయ్యవారు: కోపం లేదు. నంబరు మాట ఒప్పుకుంటా. బహుమతుల మాట ఒప్పుకోను. రచయిత నామిని ‘చదువులా చావులా’ అని పుస్తకం రాసినాడు, బడి బడికీ పోయి పిలకాయలతో మాట్లాడినాడు. ఆ పేరు చదివినప్పుడు పెద్దోళ్లు నొచ్చుకున్నారు. 2023 ఏప్రిల్‌లో ఇంటర్ ఫలితాలు వచ్చిన రెండు దినాల్లో రాష్ట్రంలో తొమ్మిదిమంది పిలకాయలు పోయినారని పేపర్లలో వచ్చింది. వాళ్ల ఊళ్లల్లో కూడా ఎప్పుడో ఒకప్పుడు పోస్టర్ల పోటీలు జరిగే ఉంటాయి.

కొలిచేదాన్నంతా పక్కన పెడితే ఏం మిగులుతుందో కాళహస్తికి పోయి చూడండి. కలంకారీ. ముందు గుడ్డను కరక్కాయ కలిపిన బర్రెపాలల్లో తడిపి ఎండబెడతారు, పాల జిడ్డు ఉంటేనే సిరా పాకదు. చింతబరికె కాల్చిన బొగ్గుతో గీత. వెదురుపుల్లకు ఉన్ని చుట్టి దారంతో కట్టిందే కలం. నల్లరంగుకు బెల్లం, తుప్పు ఇనుము నీళ్లల్లో వేసి వారాల తరబడి పులియబెడతారు. ఆ కసిమి తేటగా, ఏ రంగూ లేనట్ల ఉంటుంది, కరక్కాయ గుడ్డకు తగిలితే నలుపెక్కుతుంది. ఎరుపు ఇంకా వింత. పటిక నీళ్లతో గీస్తే ఏమీ కనపడదు. మంజిష్ఠ వేసి ఉడకబెట్టినాక ఎరుపు తేలుతుంది. గీసినవాడికి కూడా ఉడికిందాకా తెలీదు ఎట్ల వచ్చిందో. స్వర్ణముఖిలో పారే నీళ్లల్లో ఉతికి మళ్లీ మొదలు. ఆ పని మీద కూర్చున్న పిలకాయను నెల రోజులు, ఇది సరిగ్గా వచ్చిందా లేదా అని ఎవరూ అడగరు, ఎందుకంటే ఎవరికీ తెలీదు. ఇంటర్ పిలకాయ జీవితంలో అట్లాంటి నెల ఇంకొకటి చూపించండి.

డాక్టరమ్మ: జాతర కంటే ఇదే నాకు నచ్చింది. చేతులకు పని, చూపుకు పని, పక్కన మనిషి, మాట్లాడాలని బలవంతం లేదు. మాట రాని పిల్లలను కూర్చోబెట్టటానికి ఇంతకంటే మంచి చోటు నేనూ చెప్పలేను. రిషీవ్యాలీ స్కూల్లో పిల్లలు సాయంత్రం గమ్మున కూర్చొని పొద్దుగూకటం చూస్తారు, అది అక్కడి అలవాటు. కార్పొరేట్ కాలేజీలో అలా కూర్చుంటే నోటీసు పంపుతారు.

కానీ మీరు కాళహస్తి అన్నారు కాబట్టి అడుగుతున్నా. 1957లో కమలాదేవి చటోపాధ్యాయ పూనికతో అక్కడ శిక్షణ కేంద్రం పెట్టకపోయి ఉంటే ఆ పనే పోయేది. నిలబడింది, భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. గీసే మనిషి నిలబడ్డాడా? మెషిన్ ప్రింట్‌కు కలంకారీ అని పేరు పెట్టి సగం ధరకు అమ్ముతున్నారు. నెల రోజులు గీసినదానికి వ్యాపారి ఎంత ఇస్తాడో ఆ ఇంటి పిల్లలకు తెలుసు. భారతంలో తెల్లవార్లూ భీముడై దుర్యోధనుడి తొడ మీద గద వేసినవాడు పొద్దున బస్టాండులో టీకి చిల్లర వెతుక్కుంటాడు. రాత్రిళ్లు నిద్ర లేక తాగుడు పట్టినవాళ్లు మా డీ-అడిక్షన్‌కు వస్తారు, పద్యాలు పాడుకుంటూ. కళ మనసును కాపాడుతుంది అంటున్నారు మీరు, కళలోనే పుట్టి పెరిగినవాణ్ణి ఎందుకు కాపాడలేదు?

అయ్యవారు: ఆకలి మీద నెట్టండి దాన్ని, కళ మీద కాదు.

డాక్టరమ్మ: పిలకాయల ఒత్తిడిని కూడా అలాగే ఫీజుల మీద, ర్యాంకుల మీద నెట్టొచ్చు మరి. ఎన్‌సీఆర్‌బీ లెక్కలో 2022లో దేశంలో పదమూడు వేల నలభై నాలుగు మంది విద్యార్థులు ప్రాణం తీసుకున్నారు. కారణం బయట ఉంది కదా అని లోపలి మనిషికి మందు మానేస్తామా?

అయ్యవారు: మందు మానమని నేను ఏనాడూ అనలేదు. ఆ మాట నా నోట్లో పెట్టొద్దు. మా చిత్తూరోళ్లకు జబ్బు చేస్తే వేలూరు దగ్గర, గంటసేపు ప్రయాణం. బాగాయంలో మానసిక ఆసుపత్రి సంగతి నాకు తెలుసు. రోగితో పాటు ఇంటివాళ్లు కూడా వచ్చి ఉండాల ఆడ. 1950ల నుంచీ అదే పద్ధతి. మీ డాక్టర్లే కనుక్కున్నారు, మనిషిని ఒంటరిగా తీసుకుపోయి బాగుచేసి తిరిగి పంపటం కుదరదని. నేను అంటున్నది దానికంటే ఎక్కువా?

డాక్టరమ్మ: ఎక్కువ కాదు, కొంచెం తక్కువ. బాగాయంలో ఇంటివాళ్లు ఉంటారు, పక్కనే డాక్టరూ ఉంటాడు. మీ భజన దగ్గర డాక్టరు లేడు. సరే, ఇంతసేపూ రానివాడి గురించి కొట్లాడుకున్నాం, వచ్చినవాడి గురించే అడుగుతా. భజన అయిపోయింది, అందరూ వెళ్లిపోయారు. ఒక పిలకాయ చెక్కలు సర్దుతున్నట్టు ఆగి, ఎవరికీ చెప్పొద్దు అయ్యవారూ అని మొదలుపెట్టి చావు మాట ఎత్తాడు. మీరు ఏం చేస్తారు?

అయ్యవారు: ఆ రాత్రి వాణ్ణి ఒంటరిగా వదలను. మా ఇంట్లోనే అన్నం, మా ఇంట్లోనే పడక.

డాక్టరమ్మ: మంచిది. తెల్లారాక?

అయ్యవారు: వాడు సరేనంటే మీ దగ్గరికి తెస్తా.

డాక్టరమ్మ: సరేననకపోతే?

అయ్యవారు: సరేననిందాకా పక్కనే ఉంటా. నేను మీకు ఫోన్ చేస్తే మీరు వాళ్ల నాయనకు చేస్తారు. వాళ్ల నాయన ఏం మనిషో మీకు తెలీదు, నాకు తెలుసు. మిగతా పదిహేనుమందికి మర్నాటికల్లా తెలుస్తుంది, అయ్యవారితో చెప్తే ఇంటికి పోతుందని. ఇంక నా దగ్గర ఎవడూ నోరు విప్పడు. ఒకణ్ణి మీ చేతికి ఇచ్చి పదిహేనుమందిని పోగొట్టుకున్నట్టు.

డాక్టరమ్మ: పక్కనే ఉంటా అన్నది మీ వల్ల కాని పని, అయ్యవారూ. మీకు నిద్ర పట్టిన గంట చాలు. ప్రాణం మీదికి వచ్చినప్పుడు రహస్యం నిలవదు, మాకూ అదే నియమం. ఆ సంగతి మేం పేషెంటుకు మొదటిరోజే చెప్పేస్తాం, దగా పడ్డానని వాడు అనుకోకుండా. నాయన కాకపోతే పెద్దమ్మకో, మేనమామకో, వాడు నమ్మేవాళ్లకు చెబుతాం, వాణ్ణి అడిగే. మీరూ అలాగే చేయండి. చెక్కలు చేతికి ఇచ్చేముందే చెప్పండి, ఏ మాటైనా నాతో అనొచ్చు, ఈ ఒక్క మాట మటుకు నా దగ్గర ఆగదు అని.

అయ్యవారు: అట్ల చెప్పి మొదలుపెట్టింది భజన అవుతుందా, ఓపీ అవుతుందా?

డాక్టరమ్మ: మొదటి పది నిమిషాలు ఓపీయే. తర్వాత తెల్లవార్లూ మీ ఇష్టం.

అయ్యవారు: ఆ పది నిమిషాల్లో గమ్మున లేచి చెప్పులేసుకొని పోయేవాడు ఒకడు ఉంటాడమ్మా. ఇంతసేపు మీరు నాతో కొట్లాడింది వాడి కోసమే గదా. వాణ్ణి ఏం చేద్దాం?